చిన్నబాపుతో బొంబాయి: వీటీ నుంచి వర్లీ దాకా

మొన్న మంగళవారం తిరిగొచ్చాం, బ్యాగులు ఇంకా విప్పనేలేదు, గుర్తున్నప్పుడే రాసేస్తే పోతుందని కూర్చున్నా. నేనూ మా ఆవిడా వెళ్ళాం, అక్కడ మాకు గైడ్ మా చిన్నబాపు, అంటే బాబాయి. సిరిసిల్ల నుంచి 1976లో మిల్లు పనికని పోయినోడు, అప్పటి నుంచి బొంబాయిలోనే. మా ఇంట్లో ఎవరు బొంబాయి పోతామన్నా "మీ చిన్నబాపుకు ఫోన్ కొట్టు, ఆయనకు తెల్వని గల్లీ లేదు" అంటారు. గల్లీల సంగతి నిజమే. కానీ ఎలిఫెంటా చూడలేదంట, తాజ్ హోటల్ గుమ్మం తొక్కలేదంట, సముద్రం మీది వంతెన సీ లింక్ కట్టేటప్పుడు రోజూ చూశాడు గానీ దాని మీద ఒక్కసారీ పోలేదంట. ఎందుకని అడిగితే "ఆ దిక్కు మనకేం పనిరా" అన్నాడు. సరే, ఈసారి పని పెట్టుకుని పోదాం పా అన్నాం.

డిసెంబర్ 12, శుక్రవారం: వీటీ, ఫోర్ట్, ఓవల్ మైదాన్

వీటీ అంటే విక్టోరియా టెర్మినస్, ఆ స్టేషన్ పేరు 1996లో ఒకసారి మారింది, 2017లో ఇంకోసారి మారింది, చిన్నబాపుకి మాత్రం అది వీటీనే, టాక్సీవాళ్ళకీ వీటీనే. రైలు దిగి బయటికొస్తే మఫ్లర్ చుట్టుకుని నిలబడి ఉన్నాడు, బొంబాయిలో డిసెంబర్‌లో కూడా ఫ్యాను వేసుకునే పడుకుంటారు, మఫ్లర్ ఎందుకో మరి.

ఈ స్టేషన్ బిల్డింగ్‌ని స్టేషన్ ముందు నిలబడి చూడలేం, మెడ విరుగుతుంది తప్ప ఏమీ కనపడదు. రోడ్డుకి అటుపక్క మున్సిపల్ కార్పొరేషన్ బిల్డింగ్ వైపు పోయి చూడాలి. రోడ్డు దాటాలంటే కింద సబ్‌వే. "నా ఎంట రాండ్రి" అని చిన్నబాపు ముందు నడిచాడు, సబ్‌వే నిండా బెల్టులు, మొబైల్ కవర్లు, పది రూపాయల గాజులు, మా ఆవిడ అక్కడే ఆగిపోతుంటే లాక్కుని పోయి ఒక మెట్లెక్కి పైకొచ్చాం, చూస్తే మళ్ళీ స్టేషన్ పక్కకే తేలాం. మళ్ళీ దిగాం, ఇంకో మెట్లు, ఈసారి ఏదో బస్టాప్. చివరికి బెల్టులమ్మే అబ్బాయే చెయ్యి ఊపి చూపించాడు. ఏళ్ళ తరబడి ఉన్న మనిషి కదా అని నేను నవ్వితే "నేను దినాం ఎక్కేది వేరే మెట్లు" అన్నాడు, మొహంలో ఏ మార్పూ లేదు.

అటు పోయి చూశాక మాత్రం కాసేపు మాటల్లేవు. ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్ అనే ఆయన డిజైన్, 1878లో మొదలుపెట్టి పదేళ్ళు కట్టారు, 2004లో యునెస్కో లిస్టులోకి ఎక్కింది. గేటు స్తంభాల మీద ఒకపక్క సింహం, ఒకపక్క పులి, సింహం వాళ్ళు, పులి మనం అని లెక్క. గుమ్మటం మీద చేతిలో కాగడా పట్టుకున్న ఆడమనిషి, ఇంకో చేతి కింద చక్రం. గోడల మీద రాతి చెక్కుడులో ఎక్కువ పని ఇక్కడి ఆర్ట్ స్కూల్ విద్యార్థులదే, కోతులు, నెమళ్ళు, ఆకులు, కొమ్మలు, ఎక్కడ చూసినా ఏదో ఒకటి పాకుతూ ఉంటుంది. అంత కష్టపడి చెక్కినదాని కింద నుంచి లక్షల మంది ఒక్కరూ తల ఎత్తకుండా పరుగెత్తుతుంటారు, లోకల్ దొరకాలి కదా.

"మొదటిసారి వచ్చినప్పుడు నేను గిక్కడనే దిగిన" అన్నాడు చిన్నబాపు. "అప్పుడు ఎట్లనిపించింది ఈ బిల్డింగు?" అన్నా. "పైకి యాడ సూసిన్రా, జేబులు కొడ్తరని ఊర్ల జెప్పి పంపిన్రు, జేబు పట్టుకొని కిందికి సూసుకుంటనే నడిచిన."

అక్కడి నుంచి నడుచుకుంటూ ధోబీ తలావ్ దగ్గర కయానీ ఇరానీ హోటల్‌కి పోయాం, 1904 నాటిది. పాత చెక్క కుర్చీలు, గళ్ళ టేబుల్ క్లాత్, గాజు సీసాల్లో బిస్కెట్లు. బన్ మస్కా అంటే మెత్తటి బన్‌ని మధ్యకి చీరి వెన్న పూస్తారు, పూస్తారు అనేది చిన్న మాట, మేస్త్రీ సిమెంటు పెట్టినట్టు పెడతారు. చాయ్‌లో ముంచితే వెన్న పైకి తేలి నూనె చుక్కల్లా తిరుగుతుంది, అది తాగాలి. ముగ్గురం కడుపునిండా తిని మూడొందల లోపే. హైదరాబాద్ ఇరానీ చాయ్‌కీ దీనికీ పోలిక పెట్టొద్దు, అది చిక్కటి డికాక్షన్ చాయ్, ఇది ఇంట్లో చాయ్‌లాంటిదే. నా ఓటు హైదరాబాద్‌కే, మా ఆవిడ ఓటు బన్‌కి.

మధ్యాహ్నం ఫోర్ట్ ఏరియా. ఫ్లోరా ఫౌంటెన్ చూశాం, 1864 నాటిది. ఏషియాటిక్ సొసైటీ మెట్లు ముప్పై ఎక్కి కూర్చున్నాం, అక్కడ ప్రీ వెడ్డింగ్ ఫోటోలు తీసుకునే జంటలు వరసలో ఉన్నాయి, ఒక జంట అయిపోయేదాకా ఇంకో జంట మేకప్ సరిచేసుకుంటోంది. తర్వాత ఓవల్ మైదాన్, నాకు బొంబాయి మొత్తంలో నచ్చిన చోటు అదే.

ఎందుకంటే మైదానం మధ్యలో నిలబడితే తూర్పుపక్క హైకోర్టు, యూనివర్సిటీ, రాజాబాయి టవర్, అంతా రాతి గోథిక్. పడమటిపక్క తిరిగితే గుండ్రటి బాల్కనీలు, లేత పసుపు, లేత ఆకుపచ్చ రంగుల ఆర్ట్ డెకో అపార్ట్‌మెంట్లు. ఆ రాతి బిల్డింగులు కట్టినప్పుడు వాటి ముందు మైదానం, దాని అవతల సముద్రమే, తర్వాత సముద్రాన్ని పూడ్చి 1930ల నుంచి ఈ అపార్ట్‌మెంట్లు లేపారు. ఎదురుబొదురుగా నిలబడ్డ ఈ రెండు వరసల్నీ కలిపి 2018లో యునెస్కో గుర్తించింది. రాజాబాయి టవర్ 85 మీటర్లు, 1878లో పూర్తయింది, ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అనే పత్తి వ్యాపారి డబ్బిచ్చి వాళ్ళమ్మ పేరు పెట్టించాడు. ఆమెకి చూపు లేదని, పొద్దుగూకక ముందే తినే జైనుల ఆచారం కాబట్టి గంట విని టైం తెలుసుకునేదని చెప్తారు. చిన్నబాపు టవర్ని కాదు, క్రికెట్‌ని చూస్తున్నాడు. ఒకే మైదానంలో లెక్కలేనన్ని మ్యాచ్‌లు, ఒకరి పాయింట్ ఫీల్డర్ ఇంకొకరి లాంగాన్‌లో నిలబడి ఉంటాడు, ఎవరి బంతి ఎవరిదో వాళ్ళకెలా తెలుస్తుందో, అయినా గొడవ ఒక్కటీ కాలేదు.

డిసెంబర్ 13, శనివారం: గేట్‌వే, ఘారాపురి, తాజ్

తొమ్మిదింటికే గేట్‌వే దగ్గర క్యూ. ఇక్కడో కథ చెప్పాలి. 1911 డిసెంబర్‌లో ఐదో జార్జి రాజు దిగినప్పుడు స్వాగతం చెప్పడానికి ఈ ద్వారం అనుకున్నారు గానీ అప్పటికి కట్టనే లేదు, ఆయనకి అట్టతో చేసిన నమూనా మాత్రమే చూపించారు. 1913 మార్చిలో పునాదిరాయి వేశారు, 1924 డిసెంబర్ 4న తెరిచారు, ఎత్తు 26 మీటర్లు, డిజైన్ జార్జ్ విట్టెట్‌ది. 1948 ఫిబ్రవరి 28న బ్రిటిష్ సైన్యం చివరి దళం దీని కిందుగానే నడుచుకుంటూ ఓడెక్కి పోయింది. ఇది చెప్తే చిన్నబాపు చాలాసేపు నవ్వాడు. "రాజు వచ్చిననాడు అట్టది పెట్టిన్రు, పోయెటోళ్ళకు రాయిది కట్టిన్రు, మంచి పని జేసిన్రు."

ఘారాపురి అంటే ఎలిఫెంటా దీవే, అక్కడికి పడవ టికెట్ రానుపోను మనిషికి 260 దాకా అయింది, పైన కూర్చోవాలంటే ఇంకో పది రూపాయలు పడవలోనే వసూలు చేస్తారు. ఆ పది రూపాయలు ఇవ్వండి, వాదించకండి. చలికాలం కాబట్టి గేట్‌వే దగ్గర్నుంచే తెల్లటి సముద్రపు పక్షులు పడవ వెంట పడతాయి, పిల్లలు చిప్స్ విసురుతుంటే గాల్లోనే పట్టుకుంటున్నాయి, పెద్దవాళ్ళు కూడా చిప్స్ ప్యాకెట్లు వాటి కోసమే కొంటున్నారు. అవి తినాల్సిన తిండి అది కాదు, కానీ ఎవరు చెప్పినా వినేలా లేరు. దారిలో నేవీ ఓడలు, ఆయిల్ ట్యాంకర్లు. గంట ప్రయాణం.

జెట్టీ నుంచి చిన్న బొమ్మ రైలు ఉంది, పది రూపాయలు, నడిస్తే రైలు కంటే ముందు చేరొచ్చు. తర్వాత 120 మెట్లు, రెండు పక్కలా కొట్లు, పైన నీలం టార్పాలిన్లు కట్టి ఉంటాయి కాబట్టి ఎండ తగలదు. పెద్దవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుపోయే డోలీవాళ్ళు చిన్నబాపు చుట్టూ మూగారు. ఆయన మరాఠీలో ఏదో అన్నాడు, వాళ్ళంతా నవ్వి పక్కకి జరిగారు. ఏమన్నావంటే "నన్ను మోసేది ఒక్కసారే, అది గిప్పుడే కాదు అన్న" అన్నాడు. మా ఆవిడ "అవేం మాటలు మామయ్యా" అని కసిరింది.

మెట్ల మీద తలపై ఇత్తడి బిందెలు పెట్టుకుని ముక్కుకి నత్తులతో ఊరి ఆడవాళ్ళు నిలబడి ఉంటారు, ఫోటో తీస్తే డబ్బులివ్వాలి, ముందే అడిగి తీయండి, అడక్కుండా తీస్తే ఊరుకోరు, ఊరుకోకపోవడమే న్యాయం. ఒక నిమ్మకాయ సోడా కొట్టు ఆవిడతో మాటల్లో పడ్డాం, ఈ దీవికి సముద్రం కింద కేబుల్ వేసి కరెంట్ లాగింది 2018లో. అంతకుముందు సాయంత్రం కాసేపు జనరేటరే. ఎదురుగా బొంబాయి రాత్రంతా వెలుగుతుంటే ఇక్కడ దీపం పెట్టుకుని చూసేవాళ్ళన్నమాట.

ఇక గుహ. ఆరో శతాబ్దం నాటిదని పండితుల అంచనా, కొండనే తొలిచి స్తంభాలూ గర్భగుడీ అన్నీ చెక్కారు. ఎండలోంచి లోపలికి అడుగు పెడితే మొదట ఏమీ కనపడదు. తర్వాత ఎదురుగా చీకట్లోంచి మెల్లగా సదాశివుడి మూడు ముఖాలు తేలతాయి, ఇరవై అడుగుల దాకా ఉంటుంది. మధ్యది కళ్ళు మూసుకున్న ప్రశాంతమైన ముఖం, మన ఎడమవైపుది మీసాలూ, చేతిలో పామూ, కోపంగా ఉండే అఘోరుడు, కుడివైపుది చేతిలో పువ్వుతో, పెదవి నిండుగా, ఆడ పోలికలు. అందరూ మధ్య ముఖం ముందు సెల్ఫీ తీసుకుని పోతున్నారు, కుడి పక్కకి వచ్చి ఆ పెదవి చూడండి, రాయి అని నమ్మబుద్ధి కాదు.

మా ఆవిడకి పెళ్ళి ఫలకం నచ్చింది. పార్వతి శివుడికి కుడిపక్కన నిలబడి తల కొంచెం వంచి ఉంటుంది. "మన దగ్గర కూడా తాళి కట్టేదాకా పిల్ల కుడిపక్కనే కదా" అంది. చిన్నబాపు మాత్రం రావణుడి దగ్గర ఆగాడు, కైలాసం ఎత్తే రావణుడు, చేతులు విరిగిపోయాయి, ముఖం కూడా సరిగ్గా మిగల్లేదు. చాలా ఫలకాల్లో నడుం కింద భాగమంతా పోయింది, పోర్చుగీసువాళ్ళ కాలంలో చాలా విరగ్గొట్టారని అంటారు. లోపల లింగం ఉన్న గుడికి నాలుగు వైపులా నాలుగు ద్వారాలు, ద్వారపాలకులు మనిషికి రెండింతల ఎత్తు. పూజలు లేవు. చిన్నబాపు ఇంటి నుంచి సంచిలో కొబ్బరికాయ తెచ్చాడు, కొట్టనివ్వరని తెలిసి మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు, గార్డు ముందు ఏమీ అనలేదు గానీ మెట్లు దిగేటప్పుడు "శివునికి కూడ టికెట్ వెట్టిన్రు, కాయ మాత్రం వద్దన్నరు" అని గొణిగాడు. టికెట్ మనవాళ్ళకి నలభై. సోమవారం సెలవు, శివుడి గుడికి సోమవారం సెలవేంటో.

తిరిగి గేట్‌వే చేరేసరికి మూడు దాటింది. ఎదురుగా తాజ్ హోటల్, 1903లో తెరిచారు, అంటే గేట్‌వే కంటే తాజ్ వయసులో పెద్దది. 2008 నవంబర్‌లో ఆ గుమ్మటంలోంచి పొగ రావడం టీవీలో చూడనివాళ్ళు మనలో లేరు. లోపలికి పోదాం అంటే చిన్నబాపు చెప్పులు చూసుకున్నాడు. "వీటితోని రానియ్యరు." రానిచ్చారు. సెక్యూరిటీ స్కానర్ దాటించి, కొబ్బరికాయ సంచి కూడా మర్యాదగా తిప్పి ఇచ్చారు. లాబీలో మెత్తటి సోఫాలో పావుగంట కూర్చున్నాం, ఎవరూ ఏమీ అడగలేదు, ఒకబ్బాయి వచ్చి నీళ్ళు కావాలా సార్ అని చిన్నబాపునే అడిగాడు. చాయ్ రేటు మెనూలో చూసి అంతే మర్యాదగా లేచి బయటికొచ్చి కొలాబా వెనక సందులో కటింగ్ చాయ్ తాగాం.

డిసెంబర్ 14, ఆదివారం: రాణీబాగ్, కామాఠీపుర, వర్లీ, హాజీ అలీ, సీ లింక్

ఆదివారం బొంబాయిలో లోకల్‌ని నమ్ముకోవద్దు, మెగా బ్లాక్ అని రిపేర్ల కోసం ఏదో ఒక లైన్ ఆపుతారు, ఊరంతా దానికి అలవాటు పడిపోయింది. బెస్ట్ అనే అక్కడి సిటీ బస్సెక్కి భాయ్‌ఖళా పోయాం. రాణీబాగ్ అంటే జంతువుల పార్కు, చిన్నబాపు పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఆదివారాలు ఇక్కడికే తెచ్చేవాడంట. పక్కనే 1872 నాటి భావు దాజీ లాడ్ మ్యూజియం. ఆ పక్కన ఒక నల్లరాతి ఏనుగు ఉంది.

"గిది ఏనుగు. మావోళ్ళు దీని పక్కకే నిలవడి ఫోటో దిగుతుండె" అన్నాడు. అప్పుడు చెప్పాను, నిన్న మనం చూసిన దీవికి ఎలిఫెంటా అని పోర్చుగీసులు పేరు పెట్టింది ఈ ఏనుగు వల్లే, ఇది అక్కడి ఒడ్డున ఉండేది, 1864లో ఇంగ్లండ్‌కి తరలిద్దామని ఎత్తబోతే కిందపడి ముక్కలైంది, ఆ ముక్కల్నే ఇక్కడికి తెచ్చి తర్వాత అతికించారు. దగ్గరికి పోయి చూస్తే అతుకులు తెలుస్తాయి. చిన్నబాపు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "ముప్పై ఏండ్ల సంది సూస్తున్న, గీడిదే అనుకున్న. ఇది గూడ వలసొచ్చిందేనా" అన్నాడు, వెంటనే ఫోన్ తీసి నాసిక్‌లో ఉండే పెద్ద కూతురికి వీడియో కాల్ చేసి ఏనుగుని చూపించాడు, ఆవిడ వంటలో ఉంది, సరే నాన్నా తర్వాత చేస్తా అని పెట్టేసింది.

దారిలో టాక్సీ కామాఠీపుర మీదుగా పోయింది. ఈ పేరు బయటివాళ్ళకి వేరే కారణంగా తెలుసు, కానీ పేరు వచ్చింది కామాఠీల వల్ల, అంటే నిజాం రాజ్యం వైపు నుంచి ఇళ్ళు కట్టే కూలీలుగా, మేస్త్రీలుగా వచ్చిన మన తెలుగువాళ్ళ వల్ల. మనం నిన్నా మొన్నా నోరు తెరుచుకుని చూసిన బిల్డింగుల మీద ఆర్కిటెక్టుల పేర్లే దొరుకుతాయి, రాళ్ళు మోసినోళ్ళ పేరు ఈ గల్లీకి మిగిలింది. తర్వాత మా పద్మశాలీలు మిల్లుల కోసం వచ్చి వర్లీ, పరేల్ చుట్టూ సర్దుకున్నారు.

చిన్నబాపు ఉండేది వర్లీ బీడీడీ చాల్‌లో, చాల్ అంటే వరసగా ఒంటిగది ఇళ్ళుండే పాత బిల్డింగు, గది 160 చదరపు అడుగులు. వాటి బదులు కొత్త టవర్లు లేస్తున్నాయి, కొందరికి తాళాలు కూడా ఇచ్చారు, వీళ్ళ వంతు ఇంకా రాలేదు. చిన్నమ్మ బొంబిల్ వేయించింది. అది వేళ్ళలోంచి జారిపోయేంత మెత్తటి చేప, నీళ్ళు ఎక్కువ. చీరి, ముల్లు తీసి, ఉప్పు పసుపు రాసి పళ్ళెంలో పరిచి పైన పీట, పీట మీద రోలు పెట్టింది, గంటసేపు. నీళ్ళన్నీ కారిపోయి చేప పలచగా అయ్యాక కారం, చింతపండు పట్టించి, రవ్వలో దొర్లించి పెనం మీద కొద్ది నూనెతో. పైన కరకర, లోపల పేరిన మీగడ. పక్కన కోకమ్, కొబ్బరిపాలతో చేసే సోల్ కఢీ, దానితో పాటే పచ్చిపులుసు. రెండూ పుల్లనివే, ఎందుకు రెండు అంటే "ఇది ఈడిది, అది మనది" అంది చిన్నమ్మ.

తిన్నాక చిన్నబాపు తను పనిచేసిన మిల్లు చూపిస్తానన్నాడు. మిల్లు లేదు, గ్లాసు టవర్ల మధ్య పొగగొట్టం ఒక్కటే నిలబడి ఉంది. 1982 జనవరి 18న మొదలైన సమ్మె, దత్తా సామంత్ నాయకత్వం, రెండున్నర లక్షల మంది దాకా. "ఎప్పుడు బందైందో ఎవ్వలు చెప్పలె, పనే బందైంది" అన్నాడు. తర్వాత ఇరవై ఏళ్ళు వాచ్‌మన్. బాకీ పడ్డ డబ్బుల సంగతి అడిగితే టాపిక్ మార్చాడు. నన్నడిగితే బొంబాయి టూరిస్టు మ్యాపులో ఈ పొగగొట్టాలకి కూడా ఒక నంబర్ వేయాలి, గేట్‌వే రాజు కోసం కట్టింది, ఊరు నడిచింది మాత్రం వీటి మీద.

సాయంత్రం హాజీ అలీ. సముద్రంలో ఉన్న దర్గాకి సన్నటి దారి, పోటు వస్తే దారి మునిగిపోతుంది కాబట్టి టైం కనుక్కుని పోవాలి. మేం పోయేటప్పుడే అలలు అంచులు తడుపుతున్నాయి. దర్గా 1431 నాటిదంటారు. చిన్నబాపు కొబ్బరికాయ ఇంకా సంచిలోనే ఉంది, ఇక్కడ ఇవ్వొచ్చా అని ఒక పూలకొట్టు అతన్ని అడిగి, అతను తల ఊపితే అక్కడే ఇచ్చేసి చాదర్ కొన్నాడు. శివుడికి తెచ్చింది కదా అంటే "కాయకేం దెలుస్తది" అన్నాడు.

తర్వాత టాక్సీలో సీ లింక్. 5.6 కిలోమీటర్లు, 2009లో తెరిచారు. నడిచేవాళ్ళకీ, టూవీలర్లకీ, ఆటోలకీ అనుమతి లేదు, అందుకే చిన్నబాపు ఎక్కలేదు. టోల్ వంద. కిటికీ దించి తీగలు చూస్తూ కూర్చున్నాడు. నిమిషాల్లో అయిపోయింది. "గింతేనా? వంద రూపాయలకు ఇంకో చక్కరు కొట్టియ్యాలె" అన్నాడు. బాంద్రా కోట మీద కాసేపు కూర్చుని వెనక్కి వచ్చేటప్పుడు ఆయన మాట తీసేయలేక మళ్ళీ సీ లింక్ మీదే వచ్చాం, ఇంకో వంద.

డిసెంబర్ 15, సోమవారం: ససూన్ డాక్, బాణగంగ

తెల్లవారుజామున ససూన్ డాక్, చేపల రేవు, 1875 నాటిది. వాసనకి తయారై పోండి, పాత చెప్పులేసుకోండి. కోలీలంటే ఇక్కడి జాలర్లు, వాళ్ళ ఆడవాళ్ళు వేలం పాడుతుంటే మగవాళ్ళు గంపలు మోస్తుంటారు. మా ఆవిడ ఫోన్ బయటికి తీయగానే ఒకామె చెయ్యి అడ్డం పెట్టింది, దారిలో నిలబడి ఫోటోలు తీసేవాళ్ళంటే వాళ్ళకి మంట, పని ఆగుతుంది మరి. ఫోన్ లోపల పెట్టాక అదే ఆమె రొయ్యల రేటు చెప్పి, మాకు మరాఠీ రాదని తెలిసి రేటు పెంచింది కూడా, చిన్నబాపు వచ్చి తగ్గించాడు.

బాణగంగ గురించి రెండు ముక్కలే. మలబార్ హిల్ ధనవంతుల మధ్య మెట్ల చెరువు, సముద్రం పక్కనే ఉన్నా నీళ్ళు తియ్యగానే ఉంటాయి, బాతులు, దీపస్తంభాలు. తప్పకుండా చూడండి, గంట చాలు.

మొత్తం ఖర్చు రూమ్ కాకుండా ఇద్దరికీ కలిపి పదివేల లోపే. అందులో చిన్నబాపు మమ్మల్ని కట్టనివ్వనివి లెక్కలోకి రావు, బస్ టికెట్ల దగ్గర్నుంచి ప్రతిచోటా ఆయన చెయ్యే ముందు. తిరుగు రైలుకి చిన్నమ్మ అర కిలో ఎండు బొంబిల్ పేపర్లో చుట్టి, దాని మీద కవరు, కవరు మీద కవరు కట్టి ఇచ్చింది. కళ్యాణ్ దాటేసరికి ఏసీ బోగీ అంతా వాసన. పై బెర్త్ ఆయన దిగి ఇది ఎవరిది అని గట్టిగానే అడిగాడు. మాదేనని ఒప్పుకున్నాం, ఆయనది భీవండీ, మనవాళ్ళే, సాంచాల ఖార్ఖానా, అంటే మరమగ్గాలది, ఉందంట. ఏ మార్కెట్లో కొన్నారు, కిలో ఎంత పడింది అని మొదలుపెట్టి పుణె దాకా వదల్లేదు.